మేం కొనకుండా వదిలేసిన హైదరాబాద్

హైదరాబాద్ చరిత్ర 1591లో చార్మినార్‌తో మొదలైందని పుస్తకాల్లో రాస్తారు. నేను ఒప్పుకోను. ఏ మనిషికైనా సికింద్రాబాద్ స్టేషన్‌లోనో ఎంజీబీఎస్‌లోనో సూట్‌కేసుతో దిగిన రోజే ఈ ఊరి చరిత్ర మొదలవుతుంది. అంతకు ముందుదంతా పురాణం, ఆ తర్వాత దిగినవాళ్లంతా ఊరిని పాడుచేసినవాళ్లు. నేను 1999లో దిగాను కాబట్టి అప్పటిదాకా ఊరు బ్రహ్మాండంగా ఉండేది. మా పక్క ఫ్లాట్ ఆయన 1986లో దిగాడు, ఆయన లెక్క ప్రకారం పాడుచేసింది నేనే.

ఇక్కడ కాపురం ఉండేవాళ్లకి చార్మినార్‌తో, గోల్కొండతో పనేమీ ఉండదు. అవి చుట్టాల కోసం. ఇన్నేళ్లలో సాలార్‌జంగ్ మ్యూజియంకి నాలుగుసార్లు వెళ్లాను, నాలుగుసార్లూ ఎవరో ఒకరు ఊరి నుంచి వచ్చినప్పుడే, నాలుగుసార్లూ ఆ గడియారం ముందే కూర్చున్నాను. పన్నెండుకి ఇంకా పావుగంట ఉందనగానే జనం చేరిపోతారు, ఫోన్లు పైకి లేస్తాయి, పిల్లల్ని భుజాలకి ఎత్తుకుంటారు. చిన్న గడ్డం బొమ్మ బయటికొచ్చి పన్నెండు దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. 'అంతేనా?' అంటారు చుట్టాలు. అంతే. ఆ ఊపులోనే ముసుగు రెబెకాని కూడా ఓ నిమిషం చూసి బిర్యానీకి పరుగు. ఆ పాలరాతి బొమ్మని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో చూసి కొనేశాడట. గమనించండి, చూశాడు, కొన్నాడు. ఇంటికెళ్లి ఆలోచించుకుని ఉత్తరం రాస్తానని చెప్పలేదు. మన వంశాల్లో లేనిది ఆ గుణమే.

ఎందుకంటే ఈ నగరంలో మధ్యతరగతి తెలుగువాడికి ఉన్న అసలైన వారసత్వ సంపద ఒక్కటే, కొనకుండా వదిలేసిన స్థలం. ప్రతి ఇంట్లో ఒకటుంటుంది. మాకు మా మామయ్యది ఉంది.

మామయ్యది తెనాలి. 1993లో ఏదో పని మీద వచ్చినప్పుడు ఎవరో స్నేహితుడు స్కూటర్ మీద గచ్చిబౌలి దాకా తీసుకెళ్లి, రెండు బండరాళ్ల మధ్య నిలబెట్టి, 'ఇదిగో నాలుగొందల గజాలు, తీసుకో' అన్నాడట. నీళ్లు లేవు, బస్సు లేదు, సాయంత్రమైతే నక్కలు కూస్తాయి, మనుషులుండే చోటేనా ఇది అని మామయ్య వెనక్కి వచ్చేశాడు. అయిదేళ్లకి సైబర్ టవర్స్ తెరిచారు. నా చిన్నప్పుడు ఈ కథలో గజం ఆరు వందలుండేది. నేను ఉద్యోగంలో చేరేసరికి మూడొందలైంది, పోయిన సంక్రాంతికి నూటయాభైకి దిగింది. లోకంలో స్థలం ధర ఏటేటా తగ్గేది మా మామయ్య జ్ఞాపకంలోనే. భాగమతి నిజంగా ఉందా లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటారు గానీ, మామయ్య స్థలం ఉందా అని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. ఒక్క అత్తయ్యకి తప్ప. 'మీ అత్తయ్యే వద్దందిరా' అని మామయ్య అన్నప్పుడల్లా, 'అడిగితే కదా వద్దనడానికి' అని వంటింట్లోంచి వినిపిస్తుంది.

నానక్‌రామ్‌గూడ మిత్రుడిది వేరే దుఃఖం. వాళ్లు అమ్మినవాళ్లు. "మా తాత మూడెకరాలమ్మి మేనత్త పెండ్లి జేసిండు, మిగిలిన పైసల్తోటి స్కూటర్ కొన్నడన్నా" అన్నాడోసారి. ఆ స్కూటర్ ఏమైందని అడిగాను. "ఉన్నది. నడవది."

కాబట్టి ప్రభుత్వానికి నాదొక విన్నపం. ఈ స్థలాలన్నిటినీ రక్షిత కట్టడాల జాబితాలో చేర్చి, ఒక్కో చోట నీలం బోర్డు పెట్టాలి. 'ఇచ్చట 1993లో తెనాలి వాస్తవ్యులొకరు స్థలం చూసి, నక్కలకి జడిసి వెనుదిరిగిరి.' ఆదివారం ఆదివారం బస్సు వేసి చూపిస్తే చార్మినార్ కన్నా ఎక్కువ టికెట్లు తెగుతాయి. ఏమీ లేనిచోట ఏం చూపిస్తారని అడగకండి. లకడీకాపూల్‌లో లకడీ లేదు, మాసబ్‌ట్యాంక్‌లో ట్యాంకు లేదు, లిబర్టీ సినిమా హాలు పోయి ఎన్నేళ్లయినా లిబర్టీ దగ్గర దిగమనే చెబుతాం. లేనివాటితో అడ్రసు చెప్పుకునే ఊరు ఇది.

పోయిన నెల మామయ్యని గోల్కొండకి తీసుకెళ్లాను. మోకాళ్లు పట్టుకుని, సోడా తాగి, మెట్లన్నీ ఎక్కాడు. బాలా హిస్సార్ మీద గైడు ఎవరికో గొప్పగా చెబుతున్నాడు, 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి గానీ ఈ కోటని తీసుకోలేకపోయాడని. మామయ్య వినడం లేదు. వీపు కోట వైపు, చూపు గచ్చిబౌలి టవర్ల వైపు. నాకు మాత్రం ఔరంగజేబు మీద మొదటిసారి గౌరవం కలిగింది. స్థలం నచ్చితే ఎనిమిది నెలలు ఎండలో కూర్చున్నాడు. మా మామయ్య ఎనిమిది నిమిషాలు చూసి తెనాలి బస్సెక్కాడు.

"అదిగోరా, ఆ మూడో టవరు పక్కన" అని వేలు పెట్టి చూపించి, ఒక నిట్టూర్పు విడిచాడు. కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే ఇక్కడికి వినిపిస్తాయంటారు. ఆ నిట్టూర్పు ఇక్కణ్నుంచి అక్కడికి వినిపించే ఉంటుంది.

మెట్లు దిగుతూ అడిగాడు, "శంకర్‌పల్లి వైపు గజం ఎంతుందిరా ఇప్పుడు?"

చెప్పాను.

"అమ్మో, అంతా! వద్దులే, అక్కడేముంది, అన్నీ పొలాలే. ఇంకో రెండేళ్లు చూద్దాం, తగ్గుద్ది."