నీళ్లు గుమ్మంలోంచే రావాలని రూలేం లేదు

అత్యవసర సంచి సర్దడం చాలామంది చేస్తారు. సర్దింది సర్దినట్టు ఉంచడమే ఎవరివల్లా కాదు. భారీ వర్షాల హెచ్చరిక వచ్చిన సాయంత్రం ఇంటాయన నిచ్చెన వేసుకుని అటకెక్కి, రెండేళ్ల కిందటి సంచిని దించి, "ఎవరూ కంగారు పడకండి, అన్నీ ఇందులోనే ఉన్నాయి" అని ప్రకటిస్తాడు. ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ సంచిలో ఏమేం లేవో వాళ్లకు తెలుసు.

ముందు టార్చి బయటికొస్తుంది. వెలగదు. సెల్లు అందులోనే వేసి వదిలేస్తే, వాడకపోయినా వాటి లోపల రసాయన చర్య నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. గ్యాసు పుట్టి, సీలు వదులై, క్షారం కారి, స్ప్రింగు మీద తెల్లటి పొడిగా పేరుకుంటుంది. సెల్లు విడిగా కవర్లో వేసి టార్చి పక్కన పెడితే సరిపోయేది. విడిగా పెట్టిన సెల్లు కూడా ఉండేవట, కాకపోతే అవి ఇప్పుడు టీవీ రిమోట్‌లో ఉన్నాయి. కత్తెర వంటింట్లో, దూది డ్రెస్సింగ్ టేబుల్ సొరుగులో, కట్టుగుడ్డ అబ్బాయి క్రికెట్ బ్యాట్ పిడికి. దీనికి తెలిసిన మందు ఒకటే: జిప్పు మీద అడ్డంగా కాగితం టేపు అంటించి దాని మీద తేదీ రాయడం. టేపు ఎవరినీ ఆపదు, కానీ ఎవరో తీశారన్న సంగతి మాత్రం చెప్పేస్తుంది.

డబ్బా ఆహారం భద్రంగా ఉంది, దాన్ని తెరిచే ఓపెనర్ లేదు. స్క్రూడ్రైవర్‌తో ప్రయత్నిస్తే తెరుచుకునేది డబ్బా కాదు, బొటనవేలు. కట్టుగుడ్డ ఎక్కడుందో పైనే చెప్పుకున్నాం. పవర్ బ్యాంకును ఆరోజు నిండుగా చార్జ్ చేసి పెట్టిన మాట నిజమే, కానీ మూడు నెలలకోసారి తీసి మళ్లీ చార్జ్ చేయకపోతే అది ఉన్నా లేనట్టే. ఆపైన సంచిలో ఉన్న కేబుల్ ఇప్పటి ఫోనుకు పట్టదు.

నీళ్ల లెక్కలో మాత్రం ఇంటాయనకు వంక పెట్టడానికి లేదు. మనిషికి రోజుకు 4 లీటర్లు, నలుగురికి, మూడు రోజులకు 48 లీటర్లు. చిక్కల్లా ఆ మొత్తాన్నీ చక్రాల సూట్‌కేసులో సర్దడం దగ్గర వచ్చింది. 48 లీటర్లంటే 48 కిలోలు. ఇక మోకాళ్ల దాకా నీళ్లున్న వీధిలో చక్రాలు ఎవరికి పనికొస్తాయి? ఇంట్లో ఉండిపోవడానికి చేసే ఏర్పాటు వేరు, ఇల్లు వదిలి వెళ్లడానికి చేసేది వేరు. మొదటిదానికి చిన్న చిన్న క్యాన్లలో నీళ్లు ఎత్తైన అరలో ఉండాలి. రెండోదానికి భుజానికి తగిలించుకునే సంచి, అందులో తలా ఒకటి రెండు లీటర్లు, మందులు, జిప్ కవర్లో కాగితాలు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, పిల్లల్ని పట్టుకోవడానికి.

ఫోన్ నంబర్లు కాగితం మీద రాసుకోమన్నారు కదా అని ఆవిడ పెన్సిలు తీస్తుంది. పెన్సిలే మంచిది, సిరా తడికి పారిపోతుంది. "నా నంబరు చెప్పండి" అంటుంది. ఆయన కాసేపు పైకప్పు చూస్తాడు. పెళ్లైన దగ్గర్నుంచీ అది 'హోమ్' అనే పేరుతోనే ఉంది, అంకెలతో ఆయనకు పరిచయం లేదు.

ఇంతలో ఇసుక బస్తాలు దిగుతాయి. ఇక్కడ ఇంటాయన పట్టుదల చూసి తీరాలి. ఒక్కో బస్తానీ మూతిదాకా కూరి, బిగించి కట్టి, దిండులా గుండ్రంగా చేసి గడప ముందు వరసగా పేరుస్తాడు. చూడ్డానికి బాగుంటుంది. కానీ నిండా కూరిన బస్తా పక్కదానికి అతుక్కోదు, మధ్యలో మిగిలిన సందుల్లోంచి నీళ్లు హాయిగా నడిచి వస్తాయి. సగానికో, మహా అయితే మూడింట రెండొంతులకో నింపాలి. మూతి మడిచి సంచి అడుక్కి పోనిచ్చి, పరిచిన ప్రతి బస్తానీ కాలితో తొక్కి చదును చేయాలి. కింది వరసలో రెండు బస్తాలు కలిసే చోట పై వరస బస్తా నడుం రావాలి, ఇటుకల గోడ కట్టినట్టే. తలుపుకీ బస్తాలకీ మధ్య దళసరి ప్లాస్టిక్ పట్టా ఉండాలి. ఇంతా చేసినా నీళ్ల జోరు తగ్గుతుందే తప్ప పూర్తిగా ఆగవు. బయట మట్టం 60 సెంటీమీటర్లు దాటుతోందంటే ఆపాలని పంతం పట్టడం కూడా తప్పే, ఒత్తిడికి గోడలే దెబ్బతినొచ్చు.

ఆయన గడప దగ్గర నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉండగా లోపల్నుంచి కేక: "నాన్నా, కమోడ్ గుడగుడమంటోంది!"

"అయితే ఫ్లష్ చెయ్‌రా!"

వాడు చేశాడు. మాట వినే పిల్లాడు. వీధిలో మురుగు గొట్టం నిండి అక్కడి మట్టం బాత్రూమ్ నేలకన్నా పైకి వస్తే, మన గొట్టంలో నీళ్లు వెనక్కి నడుస్తాయి. ఇంట్లో అన్నిటికన్నా కిందున్న రంధ్రమే వాటికి గుమ్మం. గుడగుడ అంటే నీళ్లు తోసుకొస్తున్న గాలి. ఆ సమయంలో పైనుంచి పోసే బకెట్ నీళ్లు కిందికి పోవు, కింద ఉన్నవాటిని వెంటబెట్టుకుని హాల్లోకి వస్తాయి. బస్తాల్లో ఒకదాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి కమోడ్‌లో దించి, ఇంకోటి బాత్రూమ్ జాలీ మీద పెట్టి, సింకు బిరడా మీద ఏదైనా బరువు ఉంచి ఉంటే చాలావరకు ఆగేది. ఉన్నవన్నీ గుమ్మానికే వాడేశారు. కాబట్టి ఆ బస్తాలు ఇప్పుడు తమ పని తాము చిత్తశుద్ధితో చేస్తున్నాయి: లోపలి మురుగును బయటికి పోనివ్వడం లేదు.

తడి నేల మీద నిలబడే ఆయన మెయిన్ స్విచ్ వైపు చెయ్యి చాపుతాడు. "ముట్టుకున్నారంటే చూడండి!" అని ఆవిడ అరిచింది, అరవాల్సిందే. నేల పొడిగా ఉన్నప్పుడే ఆపాల్సిన స్విచ్ అది. కాలి కింద నీళ్లున్నాక దాని జోలికి పోకూడదు, మెట్లెక్కి పై అంతస్తుకు పోవడమే. గ్యాస్ బండ రెగ్యులేటర్ కూడా ముందే తీసి, బండని గోడకు గట్టిగా కట్టేయాలి, లేకపోతే అది తేలుతూ వంటిల్లంతా తిరుగుతుంది. కారును ఎత్తుకు చేర్చే ఆలోచన ఈ వేళప్పుడు వద్దే వద్దు. పారే నీరు 15 సెంటీమీటర్లుంటే మనిషి కాళ్లు తప్పించగలదు, 30 ఉంటే చిన్న కారును తేల్చగలదు.

కరెంటు పోయాక ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచితే నాలుగు గంటల దాకా లోపలి పదార్థాలకు ఢోకా లేదు. ఇంటాయన పది నిమిషాలకోసారి తెరిచి, చల్లదనం ఇంకా ఉందో లేదో చూసి వస్తుంటాడు కాబట్టి వీళ్ల ఇంట్లో ఆ లెక్క వర్తించదు.

నీళ్లు తీశాక బస్తాల్ని వచ్చే ఏడాదికి దాచాలన్న ప్రతిపాదన వస్తుంది. మురుగు తగిలిన ఇసుక అది, చేతులకు తొడుగులు వేసుకుని పారేయాల్సిందే. పైగా ప్లాస్టిక్ గోనె ఎండలో పడి ఉంటే కొన్ని నెలల్లోనే చీలికలు పీలికలవుతుంది. ఆ డబ్బూ ఓపికా మురుగు గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వ్ బిగించడం మీద పెట్టడం నయం. అందులో ఓ రెక్క ఉంటుంది, నీళ్లు వెనక్కి తోస్తే మూసుకుంటుంది. జుట్టో గుడ్డపీలికో అడ్డం పడితే మూసుకోదు, అందుకే వానాకాలానికి ముందు విప్పి కడగాలి. విప్పడానికి వీలుగా పైన మూత వదలమని మేస్త్రీకి రెండుసార్లు చెప్పాలి. ఒక్కసారే చెబితే చక్కగా టైల్స్ పరిచి వెళ్లిపోతాడు. ఆ రెక్క మూసుకుని ఉన్నంతసేపు మన ఇంటి నీళ్లూ బయటికి పోవు కనుక, ఫ్లష్ చేయొద్దని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి. అబ్బాయికి అక్కర్లేదు. వాడు నాన్న చెప్పిందే చేస్తాడు.