కోరీడరా, కిండిల్ సొంత సాఫ్ట్‌వేరా? అది మీ దగ్గరున్న స్కాన్ పీడీఎఫ్‌లని అడగండి

కోరీడర్ అనేది ఈ-పుస్తకాలు చదువుకునే యాప్, ఫ్రీ, ఓపెన్ సోర్స్, కిండిల్ కోబో పాకెట్‌బుక్ అనే ఈ-రీడర్లన్నిట్లోనూ నడుస్తుంది, సెట్టింగులు చూస్తే మాత్రం కళ్ళు తిరుగుతాయి. స్టోర్‌లో ఇంగ్లీషు నవలలు కొనుక్కుని చదివేవాళ్ళకి ఇది కావాలా అంటే నన్నడిగితే అక్కర్లేదు, ఎందుకంటే కొన్న పుస్తకాలకి చాలావరకు డీఆర్ఎం అనే కాపీ తాళం ఉంటుంది, ఆ తాళం ఉన్న ఫైల్‌ని కోరీడర్ అసలు తెరవదు.

తెలుగు చదివేవాళ్ళ సంగతి వేరు. 2016 డిసెంబర్‌లో అమెజాన్ కిండిల్‌లోకి ఐదు భారతీయ భాషలు తెచ్చింది, హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం, అందులో మనం లేం. అందుకే మన దగ్గర పోగయ్యేవి ఎక్కువగా ఆర్కైవ్ డాట్ ఆర్గ్ నుంచి దింపుకున్న పాత స్కాన్‌లే. 6 అంగుళాల స్క్రీన్‌లో ఆ పేజీ మొత్తం పడితే అక్షరాలు చీమల్లా ఉంటాయి, వత్తులైతే కనపడవు కూడా, పోనీ జూమ్ చేద్దామంటే ప్రతి లైనుకీ అటూ ఇటూ జరుపుకోవాలి, ఈ-ఇంక్ స్క్రీన్ నెమ్మదికి అదో శిక్ష. కోరీడర్ మార్జిన్లు తనే కత్తిరిస్తుంది, వెలిసిపోయిన అచ్చుకి కాంట్రాస్ట్ పెంచుకోవచ్చు, పైగా రీఫ్లో అని ఒకటుంది, పేజీ బొమ్మలోంచి మాటల్ని ముక్కలుగా కోసి స్క్రీన్ వెడల్పుకి తగ్గట్టు మళ్ళీ పేరుస్తుంది, బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చే ఓసీఆర్‌తో పనే లేదు. వంకరగా స్కాన్ చేసిన పేజీల్లో మాత్రం గందరగోళమే, అప్పుడు రీఫ్లో ఆపేసి స్క్రీన్ అడ్డంగా తిప్పుకోవడం మేలు.

స్కాన్ కాకుండా అసలు టెక్స్టే ఉండే ఈపబ్ ఫైళ్ళయితే తేడా అంత లేదు, మండలి లాంటి తెలుగు ఫాంట్‌ని ఫోల్డర్‌లో వేసుకునే వీలు కోరీడర్‌లోనూ కిండిల్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది.

కోబో ఉన్నవాళ్ళు ఎక్కువ ఆలోచించక్కర్లేదు, ఫైళ్ళు కాపీ చేసి రీస్టార్ట్ చేస్తే చాలు, పాత సాఫ్ట్‌వేరూ ఉంటుంది కోరీడరూ ఉంటుంది. కిండిల్‌కే జైల్‌బ్రేక్ కావాలి, అంటే బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కకుండా అమెజాన్ పెట్టిన అడ్డు తీసెయ్యాలి, అది కూడా ఫర్మ్‌వేర్ (కిండిల్ లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్ కలిసొస్తేనే. 2025 జనవరిలో వింటర్‌బ్రేక్ అనే జైల్‌బ్రేక్ పద్ధతి వచ్చింది, తర్వాతి అప్‌డేట్‌తో ఆ దారి మూసేశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో కొన్న పుస్తకాల్ని సైట్ నుంచి కంప్యూటర్‌కి దింపుకునే ఆప్షన్ కూడా అమెజాన్ తీసేసింది, ఆ కోపంతో జైల్‌బ్రేక్ చేస్తామంటే అర్థం చేసుకోగలను గానీ కోపం తీరడం తప్ప చదువుకి ఒరిగేదేమీ లేదు. కోరీడర్‌లో పెట్టుకున్న హైలైట్లు అమెజాన్ అకౌంట్‌లోకి వెళ్ళవు, జైల్‌బ్రేక్‌ని చెడగొట్టే అప్‌డేట్ ఎక్కడ పడిపోతుందోనని వైఫై ఆపేసుకుని కూర్చోవాలి.

ఏదైనా చేసేముందు కోరీడర్‌ని ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేసుకోండి, మీ దగ్గరున్నవాటిల్లో అన్నిటికన్నా దరిద్రపు స్కాన్ ఒకటి తెరిచి ఓ పది పేజీలు చదవండి, చదవబుద్ధయితే అప్పుడు కిండిల్ జోలికి వెళ్ళొచ్చు.