ఉప్పుగాలికి తెలిసిన రాకెట్ శాస్త్రం

ప్రైవేటు అంతరిక్షయానానికి ప్రపంచ రాజధానిగా విశాఖపట్నాన్ని ప్రకటించాలని ప్రభుత్వాన్ని సవినయంగా కోరుతున్నాను. రాజధాని అనిపించుకోవడం మా ఊరికి అలవాటే కానీ, ఈసారి శాస్త్రీయ ఆధారాలున్నాయి.

మొదటిది తుప్పు. 2006 మార్చి 24న పసిఫిక్ మధ్య ఓ దీవి నుంచి అమెరికా ప్రైవేటు రాకెట్ కంపెనీ స్పేస్‌ఎక్స్ వాళ్ల తొలి రాకెట్ ఫాల్కన్ 1 లేచింది. అర నిమిషానికే ఇంజన్ ఆగి తిరిగొచ్చి పడింది. అందులోని ఉపగ్రహమైతే కంపెనీ షెడ్డు కప్పు పగలగొట్టుకుని ఇంటికే వచ్చేసింది. తప్పు మొదట ఓ టెక్నీషియన్ మీదికి నెట్టారు (ఈ పద్ధతికి దేశం, భాష అడ్డు రావు). తీరా విచారిస్తే ఇంధనం గొట్టానికి బిగించిన అల్యూమినియం నట్టుని సముద్రపు గాలి తినేస్తే అది పగిలిందని తేలింది. లాసన్స్ బే కాలనీలో ఫ్లాటు కొన్నవాళ్లెవరినడిగినా ఇది పైసా తీసుకోకుండా చెప్పేవారు. ఏసీ డబ్బా, కిటికీ గ్రిల్లు, స్కూటర్ సైలెన్సర్ అన్నీ అలా పోయినవే. "బీచ్ గాలి బావూ, ఏటేసినా తినేస్తది" అని మా వెల్డరు ఏనాడో తేల్చాడు. అంత పెద్ద కంపెనీ ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

వాళ్ల రెండో రాకెట్ 2007లో పోయింది. 2008 ఆగస్టులో మూడో రాకెట్‌కి కింది అంచె విడిపోయాక కూడా, మిగిలిన కాస్త ఊపుతో ముందుకొచ్చి పై అంచెని వెనకనుంచి గుద్దింది. జగదాంబ సిగ్నల్ దగ్గర రోజూ చూసేదే. డబ్బు కట్టి అంతరిక్షానికి పంపమన్న రెండొందల మందికి పైగా చితాభస్మం అందులో ఉంది. అంతా పసిఫిక్‌లో కలిసింది. వాళ్లు దీన్ని వైఫల్యమన్నారు. మన లెక్కలో నిమజ్జనం శాస్త్రోక్తంగా జరిగింది. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసేచోట అయితే ఇంకా చవగ్గా అయ్యేది.

నాలుగోది ఎగిరింది. ఆ తర్వాత కంపెనీకి మాటలు కూడా వచ్చాయి. 2023 ఏప్రిల్ 20న వాళ్ల భారీ రాకెట్ స్టార్‌షిప్ నాలుగు నిమిషాలకి గాల్లో తునాతునకలైతే, 'ముందుగా అనుకోని, శరవేగపు విడదీత' అన్నారు. మాకిది ఆనలేదు. 2024 ఫిబ్రవరి 25న ఆర్కే బీచ్‌లో తేలియాడే వంతెన ప్రారంభించారు. మర్నాడే చివరి ముక్క విడిపోయింది. తెగిపోలేదు, పరీక్ష కోసం మేమే విడదీశామన్నారు అధికారులు. అమెరికా వాళ్లు కనీసం 'అనుకోని' అని ఒప్పుకున్నారు. మా వాళ్లు ఆ మాటా రానివ్వలేదు.

ఈ విద్య ఒంటబట్టని పాతకాలపు మనుషులు ఇస్రోలో ఉండేవారు. 1979 ఆగస్టు 10న వాళ్ల రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 మా ముందున్న ఈ బంగాళాఖాతంలోనే పడింది. రెండో అంచెలో ఓ వాల్వు మొరాయించి ఆమ్లం కారిపోయింది. ప్రాజెక్టు డైరెక్టర్ కలాం. విలేఖరుల ముందుకి మాత్రం ఛైర్మన్ సతీశ్ ధావన్ వచ్చి, ఫెయిలైతే ఫెయిలయ్యామనే చెప్పారు. 1980 జులై 18న ఎగిరాక, ఈసారి నువ్వు మాట్లాడమని కలాంని పంపారు. ఇలాంటి మనిషికి ఇవాళ ఏ స్టార్టప్‌లోనూ పెట్టుబడి పుట్టదు.

ఇక భవిష్యత్తు. 2022 నవంబర్ 18న హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ వదిలిన రాకెట్ విక్రమ్-ఎస్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లి, అనుకున్నట్టే సముద్రంలో దిగింది. "అంటే శ్రీకాకుళం దూరం కూడా లేదన్నమాట" అని మా అపార్ట్‌మెంట్ పెద్దాయన పెదవి విరిచారు. ఏళ్ల తరబడి కాగితం మీదున్న విశాఖ మెట్రో సంగతెత్తితే మాత్రం "అదా, వచ్చేస్తుంది" అంటారు. 1960 నవంబర్ 21న నాసా మెర్క్యురీ-రెడ్‌స్టోన్ రాకెట్ నాలుగంగుళాలు లేచి మళ్లీ కూలబడిందని చెప్పాను ఆయనకి.

"నాలుగంగుళాలు లేచిందా!" అన్నారు, నిజమైన గౌరవంతో.