గ్రూప్ రైడ్ అని పిలిచి అడవిలో వదిలేసి పోతారా?

నిన్నటి శ్రీశైలం రైడ్ ఫోటోలు పొద్దుటి నుంచీ వాట్సాప్ గ్రూపులో పడుతూనే ఉన్నాయి. డ్యామ్ దగ్గర వరసగా సైకిళ్లు, ఒకే రంగు జెర్సీలు, కింద "అందరం కలిసి సాధించాం" అని రాత. అది చూశాక ఊరుకోవడం నా వల్ల కాలేదు. అందరం ఎక్కడ కలిసి ఉన్నామండీ?

మన్ననూరు చెక్‌పోస్టు దాటి ఘాట్ ఎక్కాక ఒక పెద్దాయన వెనక చక్రం పంక్చరైంది. ముందున్నవాళ్లు చూడలేదనుకుంటే కోపం వచ్చేది కాదు. చూశారు. చూసి, "అంకుల్, మీరు మెల్లగా రండి, మేం దోమలపెంటలో ఆగుతాం" అని అరిచి వెళ్లిపోయారు. దోమలపెంట ఏమన్నా పక్క వీధా? అక్కడిదాకా అంతా అమ్రాబాద్ టైగర్ రిజర్వు. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. రాత్రి తొమ్మిదికి గేట్లు వేసేస్తారు. బిస్కెట్ ప్యాకెట్ తీస్తే చాలు, కోతులు మీదికొస్తాయి. అరవై దాటిన మనిషిని అక్కడ వదిలేసి పోవడానికి మనసెలా ఒప్పింది?

నేను ఆయనతో ఆగిపోయాను. ఆయన దగ్గరున్న స్పేర్ ట్యూబు కల్వకుర్తి దగ్గరే వాడేశారు. ప్యాచ్ వేస్తే నిలవలేదు. వెనక్కి ఊళ్లోకి పోదామన్నా, మన సైకిళ్లకుండే సన్న ప్రెస్టా వాల్వుకి పంక్చరు షాపు గాలి గొట్టం పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ కావాలి. ఆ అడాప్టరు, ట్యూబులు, పెద్ద పంపు అన్నీ సపోర్ట్ వ్యానులో ఉన్నాయి. వ్యాను మాత్రం ముందువాళ్ల వీడియోలు తీస్తూ వాళ్లతోనే పోయింది. ఆ వ్యానుకి ఆయన కూడా అందరితో సమానంగా డబ్బు కట్టారు! చివరికి బస్తాల లోడుతో పోతున్న ఒక బొలెరో అతను తనంతట తానే ఆపి, రెండు సైకిళ్లూ పైకెక్కించుకుని వటవర్లపల్లిలో దింపాడు. డబ్బిస్తే తీసుకోలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి ఆగాడు. మనవాళ్లు ఆగలేదు.

ఎవరి బలం వాళ్లు చూసుకోవాలని గ్రూపులో ఒకాయన రాశాడు. అయ్యా, అలాంటి రైడ్ కావాలంటే బ్రెవేలు ఉన్నాయి, అంటే ఎవరికి వారే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కాలి, మధ్యలో చెక్ చేసే కంట్రోల్ పాయింట్ల దగ్గర తప్ప దారిలో సపోర్ట్ వ్యాను సాయం తీసుకోకూడదు. ఆ సంగతి తెలిసే జనం పేరిస్తారు. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. మీరు పోస్టర్ మీద "ఎవరినీ వదలం, కొత్తవాళ్లూ రండి" అని వేసి పిలిచారు. ఆ మాట నమ్మి వచ్చాడాయన.

అసలు ఈ జబ్బు నిన్నటిది కాదు. హైబ్రిడ్ సైకిల్ (రేసు సైకిలంత వేగంగా పోని రకం) మీద వచ్చిన ఒకమ్మాయిని "దీని మీద మాతో ఎక్కడ తొక్కుతావ్" అని అందరి ముందూ అన్నది ఈ గ్రూపులోనే. ఆ తర్వాత ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. ఆడవాళ్లు ఎందుకు రావట్లేదని నెలకోసారి చర్చ పెడతారు. టాయిలెట్ కోసం పెట్రోల్ బంకు దగ్గర ఐదు నిమిషాలు ఆగమంటే రైడ్ లెక్కలు చూపే స్ట్రావా యాప్‌లో యావరేజ్ స్పీడు పడిపోతుందని మొహం చిట్లించేవాళ్ల వెంట ఎవరొస్తారు?

ఉగాదికి కన్నడ భక్తులు ఇదే నల్లమలలో, అవతల ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలం నడిచొస్తారు. ముసలివాళ్లుంటారు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లుంటారు. కాళ్లు బొబ్బలెక్కినవాళ్లని కూర్చోబెట్టి, మందు రాసి, చెయ్యి పట్టుకుని భీముని కొలను మెట్లు ఎక్కిస్తారు. వాళ్ల దగ్గర జీపీఎస్ లేదు, లక్షన్నర పెట్టి కొన్న కార్బన్ ఫ్రేములూ లేవు.

అడ్మిన్లకి సూటిగా అడుగుతున్నా. నిన్న స్వీప్ రైడర్‌గా, అంటే అందరికంటే వెనక ఉండి ఎవరూ మిగిలిపోకుండా చూసే మనిషిగా, ఎవరిని పెట్టారు? ఆ మనిషి చివరివాళ్ల వెనక లేకుండా దోమలపెంటలో టీ తాగుతూ ఎందుకున్నాడు? వ్యానుని ముందుకి పొమ్మన్నదెవరు? పర్సనల్‌గా ఫోన్ చేసి సర్దిచెప్పొద్దు. ఆయన కూడా ఉన్న ఆ గ్రూపులోనే, పేర్లతో జవాబు రాయండి. ఆయన వాటా వ్యాను డబ్బు ఈ రోజే వెనక్కి పంపండి.