నోఫైల్ పెట్టమన్న మహానుభావుడికి

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ వాడే మా పాత మిత్రుల వాట్సాప్ గ్రూపులోకి ఈ నెలలో మూడోసారి వచ్చిందా మెసేజ్. పైన "విమ్‌లో బఫర్ల తలనొప్పికి ఐదు చిట్కాలు" అని, కింద "అందరికీ పంపండి" అని. మొదటిసారి చూసీ చూడనట్టు వదిలేశాను. రెండోసారి "ఇది తప్పు" అని ఒక ముక్క రాస్తే, జవాబుగా దండం పెట్టే బొమ్మ వచ్చింది. మూడోసారి పంపినవాడు ప్రొడక్షన్ సర్వర్లు చూసుకునేవాడు. ఇక నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు.

మొదటి చిట్కా: "బఫర్ అంటే ట్యాబే, ఎక్కువ తెరవకండి." కాదు. ఫైల్లోంచి మెమరీలోకి తెచ్చుకున్న పాఠం బఫర్. దాన్ని చూపించేది విండో. విండోలన్నిటినీ సర్దిపెట్టుకున్న తెర ట్యాబ్. ఒకే బఫర్‌ను మూడు విండోల్లో చూడొచ్చు, ఏ విండోలోనూ లేకుండా ఉంచొచ్చు కూడా. దీని గురించి ఇంతకంటే అనవసరం.

రెండోది: ":బీడీ కొడితే డిస్కు మీది ఫైలు పోతుంది, జాగ్రత్త." పోదు. :బీడీ అంటే బఫర్ డిలీట్ కమాండ్. పేరులో డిలీట్ ఉందని హడలిపోతే ఎలా? బఫర్‌ను మెమరీలోంచి దించి, జాబితాలో కనబడకుండా చేస్తుంది, అంతే. బఫర్ల జాబితా చూపే :ఎల్ఎస్ పక్కన ఒక ఆశ్చర్యార్థకం పెట్టి చూడండి, జాబితాలోంచి తీసేశామని చెప్పే 'యు' అనే గుర్తుతో అక్కడే కూర్చుని ఉంటుంది. ఆనవాళ్లు కూడా లేకుండా తుడిచేది :బీడబ్ల్యూ. అదీ డిస్కు జోలికి వెళ్లదు.

మూడోది: "హెల్ప్, క్విక్‌ఫిక్స్ బఫర్లు లాక్ అయిపోవడం బగ్. మాడిఫయబుల్ ఆన్ చేసి దిద్దుకోండి." మాడిఫయబుల్ అంటే బఫర్‌ను మార్చనిచ్చే ఆప్షన్. హెల్ప్ పేజీని దిద్దాల్సిన అవసరం ఎవరికి, ఎందుకు వస్తుందో నాకైతే తెలీదు. క్విక్‌ఫిక్స్ అంటే ఎర్రర్ల జాబితా, దాని పని ఒక్కటే: ఎర్రర్ చూపిస్తున్న లైను మీద ఎంటర్ కొడితే ఆ ఫైల్లో ఆ చోటికి తీసుకెళ్లడం. లాక్ తీసి అక్కడి అక్షరాలు మార్చినా అది వెళ్లే చోటు మారదు. బస్సు టికెట్ మీద ఊరి పేరు కొట్టేసి వేరే ఊరు రాసుకుంటే బస్సు అటు తిరుగుతుందా?

ఇక నాలుగోది. అసలు నేను ఇదంతా రాస్తున్నది దీనికోసమే. ఇందులో విమ్‌ఆర్‌సీ అంటే విమ్ సెట్టింగుల ఫైలు, ఆటోకమాండ్ అంటే దానంతటదే నడిచే కమాండ్, బఫ్‌టైప్ అంటే బఫర్ ఏ రకమో చెప్పే ఆప్షన్. "సేవ్ చేయలేదు అంటూ ఈ37 ఎర్రర్ విసిగిస్తోందా? విమ్‌ఆర్‌సీలో ఒక ఆటోకమాండ్ రాసి, తెరిచిన ప్రతి ఫైలుకూ బఫ్‌టైప్‌ను నోఫైల్ చేయండి. ఇక ఏ గోలా ఉండదు."

నిజమే, ఏ గోలా ఉండదు. కుక్క మొరుగుతోందని దాని మూతి కట్టేసి, వీధి తలుపు తీసిపెట్టి పడుకుంటే ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉంటుందో ఇదీ అంతే.

నోఫైల్ అంటే "ఈ బఫర్‌కూ డిస్కు మీది ఫైలుకూ సంబంధం లేదు" అని విమ్‌కు మాట ఇవ్వడం. విమ్ ఆ మాట నమ్ముతుంది. మీరు 300 లైన్లు మార్చినా సేవ్ చేయాల్సింది ఏదీ లేదనే అనుకుంటుంది. :క్యూ కొట్టగానే కిక్కురుమనకుండా బయటికి వచ్చేస్తుంది. "స్వాప్ ఫైలు ఉందిగా" అంటారేమో. మామూలుగా 200 అక్షరాలు కొట్టాకో, 4 సెకన్లు చేతులు ఆపితేనో విమ్ మీ మార్పులను అందులో రాసుకుంటుంది, కరెంటు పోయినప్పుడు అదే కాపాడుతుంది. కానీ మీరంతట మీరు బయటికి వచ్చేటప్పుడు దాన్ని తీసేస్తుంది. మార్పులను వెనక్కి తిప్పడానికి దాచే అన్‌డూ ఫైలా? ఫైలు సేవ్ అయినప్పుడే అదీ రాస్తుంది. అంటే అన్ని దారులూ మూసేశాం. సేవ్ చేద్దామని :డబ్ల్యూ కొడితే, బఫ్‌టైప్ పెట్టి ఉంది కాబట్టి రాయలేనంటూ ఈ382 వస్తుంది. మరి సేవ్ ఎలా చేయాలో ఆ ఐదు చిట్కాల్లో ఎక్కడా లేదు. ఆరోది రాసేలోపు ఆయన ఫైలు కూడా పోయిందేమో.

నోఫైల్ చెడ్డదని కాదు. ఫైళ్ల చెట్టు చూపించే ప్లగిన్లు, ఏదో కమాండ్ ఇచ్చిన ఫలితాన్ని కాసేపు పెట్టుకునే చిత్తు బఫర్లు, ఇలాంటి వాటికోసమే అది ఉంది. చిత్తు కాగితం పారేసేటప్పుడు ఎవరూ అడ్డం పడక్కర్లేదు కదా. ఇంటి దస్తావేజు మీద చిత్తు కాగితం అని రాయమంటేనే ఇబ్బంది.

ఐదోది: "హిడెన్ ఆప్షన్ ప్రమాదం, ఎప్పుడూ ఆన్ చేయకండి." నోఫైల్ సలహా ఇచ్చిన చేత్తోనే ఇదీ రాశాడు చూడండి! ఈ37 విసుగుకు అసలు మందు హిడెనే. సేవ్ చేయకుండానే వేరే ఫైలుకు వెళ్లొచ్చు, మార్పులు బఫర్‌లో భద్రంగా ఉంటాయి, చివర్లో :క్యూ కొడితే ఫలానా బఫర్ సేవ్ కాలేదని ఈ162తో ఆపుతుంది. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌లో ఇప్పుడది ముందే ఆన్‌లో ఉంటుంది. అన్నీ మూసి బయటికి వచ్చే :క్యూఏకి ఆశ్చర్యార్థకం తగిలిస్తే మాత్రం దాగిన మార్పులన్నీ పోతాయి. అది నేనూ ఒకసారి చేశాను, కాబట్టి ఆయన భయాన్ని పూర్తిగా కొట్టిపారేయను.

ఇంకో విషయంలోనూ ఆయన వైపే నిలబడతాను. ఈ37 చెప్పేది ఏమిటి? చివరి మార్పు తర్వాత సేవ్ చేయలేదు, కాదని వెళ్లాలంటే ఆశ్చర్యార్థకం చేర్చండి అని. సేవ్ చేసే దారి చెప్పదు, పారేసే దారి మాత్రం చేతికిస్తుంది. కొత్తవాళ్లు ఆ గుర్తే నేర్చుకుంటారు. ఇందులో తప్పు విమ్‌దే.

ఇదంతా రాసి గ్రూపులో పెట్టేముందు, మూడోసారి పంపినవాడికి ఫోన్ చేశాను.

"ఆ లైను నువ్వు పెట్టుకున్నావా?"

"మొన్ననే పెట్టా మామా, సూపర్ ఉంది. కాకపోతే పొద్దుట్నుంచీ ఒక కాన్ఫిగ్ మారుస్తున్నా, సేవ్ చేస్తే ఈ382 అంటోంది. ఒకసారి క్లోజ్ చేసి మళ్లీ తెరుద్దామని..."

"కీబోర్డు మీంచి చెయ్యి తియ్యి!"

తీశాడు. :సెట్ అని కొట్టి, బఫ్‌టైప్ పక్కన ఈక్వల్ గుర్తు పెట్టి, దాని తర్వాత ఏమీ రాయకుండా ఎంటర్ కొట్టమన్నాను, అంటే మళ్లీ మామూలు ఫైలుగా చూడమని. తర్వాత :డబ్ల్యూ. ఫోన్లో రెండు సెకన్లు చప్పుడు లేదు.

"రాసింది మామా."

"ఇప్పుడు విమ్‌ఆర్‌సీ తెరువు."