ఏడాది నిండింది సరే, ఎక్కడి నుంచి లెక్క?

ఈ మధ్యాహ్నం కర్నూలులో మా చెల్లెలి కూతురి మొదటి పుట్టినరోజుకు వచ్చిన ఒక పెద్దమ్మ, పాయసం గిన్నె చేతిలో ఉండగానే, "ఏడాది నిండినా పిల్ల నిలబడదేమి, మా మనుమరాలు ఈపాటికి పరుగులు తీసింది" అని పదిమందిలో అనేసింది. 27వ వారంలో, 900 గ్రాముల బరువుతో పుట్టిన బిడ్డ అది. నిండు గర్భం 40 వారాలు కనుక, ఇటువంటి పిల్లల ఎదుగుదలను రెండేళ్ల వరకు కాన్పు కావలసిన తేదీ నుంచే లెక్కించాలని వైద్యులు చెబుతారు. ఆ లెక్కన మా పిల్లకు తొమ్మిది నెలలు, కూర్చుంటోంది, పాకుతోంది. నూటికి రెండు రూపాయల వడ్డీని నోటితోనే తేల్చే మనిషికి, నలభైలోంచి ఇరవై ఏడు తీసివేయడం రాదు కాబోలు.

పోతూ పోతూ, "ఏడో నెల బిడ్డ గనుక బతికింది, ఎనిమిదో నెలదైతే దక్కేది కాదు" అని ఇంకొక మాట! ఊపిరితిత్తుల్లోని గాలిగదులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం గర్భంలో గడిచే కొద్దీ పెరుగుతుందే తప్ప, ఎనిమిదో నెల రాగానే అలిగి వెళ్లిపోదు. మా పిల్లను బతికించినవి కాన్పుకు ముందు తల్లికిచ్చిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, పుట్టగానే గొట్టం ద్వారా ఊపిరితిత్తుల్లోకి పంపిన ఆ సర్ఫాక్టెంట్ మందు, రాత్రింబవళ్లు కనిపెట్టుకున్న నర్సులు. నెల సంఖ్య కాదు.

అసలు నా కడుపుమంట ఈనాటిది కాదు. అప్పట్లో మా మరిది చొక్కా విప్పి కూర్చుంటే, ముక్కు గొట్టాన్ని ప్లాస్టరుతో చెంపకు అంటించి ఉన్న బిడ్డను నర్సు అతని ఛాతీపై బోర్లా పడుకోబెట్టి గుడ్డతో చుట్టింది. ఇంక్యుబేటర్లు చాలక 1970ల చివర కొలంబియాలోని బొగోటాలో మొదలైన కంగారూ పద్ధతి అది. బిడ్డ స్థిమితపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మా పెద్దమ్మకు మాత్రం, పురుడు తీరకముందే తండ్రి బిడ్డను ముట్టుకోవడం మహాపరాధం; ఆసుపత్రి వరండాలో గంటసేపు శాపనార్థాలు.

ఇంటికి వచ్చాక కంటి పరీక్షకు మళ్లీ తీసుకెళ్లబోతే, "పసికందును గడప దాటిస్తారా" అని అడ్డుపడిందీ ఆమే. నెలలు నిండని పిల్లల కంటి వెనుక పొర అయిన రెటీనాలో రక్తనాళాలు దారితప్పి పెరిగితే, సమయానికి చికిత్స అందకపోతే చూపే పోవచ్చు. అయినా తీసుకెళ్లాము. పిల్ల నిలబడిందా అని ఆరా తీసే వాళ్లలో ఒక్కరైనా, ఆ పరీక్షలో ఏం తేలిందని ఇంతవరకు అడగలేదు.