లక్షద్వీప్‌లో ముందు నీళ్ల సంగతి చూడాలి
సోలార్ కరెంటు, కొబ్బరాకుల కాటేజీలు ఉంటే లక్షద్వీప్‌లో రిసార్టు పర్యావరణహితమే అని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. అక్కడ అసలు కష్టం మంచినీళ్లది. ఇసుకలో ఇంకిన వాన నీరు ఉప్పునీటి మీద పలుచటి పొరలా తేలుతూ ఉంటుంది. మోటారుతో గట్టిగా తోడితే ఉప్పునీరు పైకొచ్చేస్తుంది. అగత్తి దీవిలో మేం దిగిన ఇంట్లో బావి నీళ్లతో పెట్టిన టీ కూడా నాలుకకు ఉప్పగా తగిలింది. ఆ ఇంటావిడ బియ్యం కడిగిన నీళ్లను సైతం పారబోయకుండా అరటి మొక్కకు పోసేవారు. రాజధాని దీవి కవరత్తిలో సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే ప్లాంటు 2005లో వచ్చింది, రోజుకు లక్ష లీటర్లు. అది ఊరి జనం కోసం. రిసార్టు తన నీళ్లు తనే తయారు చేసుకోవాలి, మురుగును శుద్ధి చేశాకే వదలాలి. ఆ ఇసుక నేలలో సెప్టిక్ ట్యాంకు ఊట ముందు చేరేది పక్కింటి బావిలోకే, ఆ తర్వాత పగడాలున్న లగూన్‌లోకి, అంటే దీవి పక్కనే ఉండే లోతు తక్కువ సముద్రపు నీటిలోకి.